‘ముట్టింది’ అని రాసినందుకు

కరోనా రెండో విడత తగ్గుముఖం పట్టిన వేసవి చివర నన్ను పాల్వంచ సబ్‌డివిజన్ నుంచి భద్రాచలంలోని ప్రాజెక్టు కార్యాలయానికి మార్చారు. హోదా మారలేదు, డిప్యూటీ ఇంజనీరే. మారింది పని. అప్పటిదాకా పంపులు, పైపులైన్లు, ఓవర్‌హెడ్ ట్యాంకులు చూసినవాణ్ణి. కొత్త ఉత్తర్వులో ‘నోడల్ అధికారి, ఆన్‌లైన్ సమన్వయ వేదిక’ అని ఉంది. నోడల్ అధికారి అంటే, పని సవ్యంగా సాగితే ఎవరికీ గుర్తుండని, చెడితే అందరూ వేలు చూపించే మనిషి.

అడవి అంచు గూడేలకు తాగునీరు ఇచ్చే పథకం అది. దాన్ని నడిపిన విభాగం ఇప్పుడు లేదు, మరొకదానిలో కలిపేశారు. దాని పేరు రాయను. అక్కడి పెద్దల పేర్లూ రాయను. ఎవరు ఏమన్నారో మాత్రం మరిచిపోలేదు.

చేరిన రోజు ప్రాజెక్టు డైరెక్టర్ గారు నన్ను తన గదికి పిలిచారు. “మీకు రిటైర్మెంటు దగ్గరపడింది కదండీ వెంకటేశ్వర్లు గారూ. ఎండల్లో తిరిగే పని ఎందుకు? కూర్చుని చేసే పని ఇస్తున్నాం” అన్నారు. నేను కూర్చునే పని అడగలేదు. పైగా ఆ గదిలో ఆ మాట నిలబడి విన్నది నేనొక్కణ్ణే. మిగతా అందరికీ కుర్చీలున్నాయి.

ఈ పని తెలియనివారి కోసం కొంత వివరిస్తాను. ఒక ప్రాజెక్టులో ఇంజనీర్లు ఒకచోట, నీళ్ళు పరీక్షించే ల్యాబు ఇంకోచోట, స్టోరు మరోచోట, ఊళ్ళలో ఫీల్డ్ అసిస్టెంట్లు ఉంటారు. అంతకుముందు వీళ్ళందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉండేది. పొద్దున్నే వచ్చే పూల బొమ్మల మధ్య ఎక్కడో మోటారు కాలిపోయిన వార్త కొట్టుకుపోయేది. దాని బదులు అందరూ ఒకేచోట పనిచేసే ఆన్‌లైన్ వేదిక కావాలని హైదరాబాదు సమీక్షలో నిర్ణయించారు. అందులో ప్రతి పనికీ ఒక ‘కార్డు’ ఉంటుంది. పని ఏమిటో, ఎవరు చేయాలో దాని మీద రాస్తారు. కింద ఆ పని గురించి మాట్లాడుకునే గడి ఉంటుంది. కొత్త కార్డు ఎర్రగా, నడుస్తున్నది పసుపుగా, పూర్తయినది పచ్చగా కనిపిస్తుంది. పై అధికారులు ‘డ్యాష్‌బోర్డు’ అనే ఒకే తెర మీద అన్ని రంగులూ చూసుకోవచ్చు. ఎవరు కార్డు పుట్టించవచ్చు, ఎవరు రంగు మార్చవచ్చు, ఎవరు మాట్లాడవచ్చు అన్నవి ‘హక్కులు’. అవి పెట్టేది, తీసేది నోడల్ అధికారి. ఏవి పెట్టాలో చెప్పేది మాత్రం డైరెక్టర్ గారు.

మంచి పరికరమే. ఇష్టం లేకుండా మొదలుపెట్టినా నెల తిరిగేసరికి నాకు దాని మీద గౌరవం కలిగింది. దుమ్ముగూడెం వైపు ఒక పైపు పగిలితే స్టోరులో పగులు మీద బిగించే కాలరు ఉందో లేదో అక్కడి మనిషికి ఒక్క నిమిషంలో తెలిసేది. ఇది నేను ఒప్పుకోవాలి.

చిక్కు చిన్న ఫోన్ల దగ్గర వచ్చింది. ఫీల్డ్ అసిస్టెంట్ల ఫోన్లలో కార్డును వేలితో లాగి పచ్చ గడిలో పెట్టడం కుదిరేది కాదు. పని చేసేవారు, కార్డు ఎర్రగానే ఉండేది. డ్యాష్‌బోర్డు మీద ఎరుపు చూస్తే డైరెక్టర్ గారికి అన్నం సయించదు. దానికి పరికరం అమ్మిన కంపెనీవాళ్ళు ఒక ఉపాయం చెప్పారు. ఫలానా మాటలు జవాబులో కనిపిస్తే కార్డు దానంతట అదే పచ్చబడేట్టు ఒక నిబంధన పెట్టుకోవచ్చట. ఏ మాటలో మనమే చెప్పాలి.

డైరెక్టర్ గారు అక్కడికక్కడే చెప్పారు: “అయింది, పూర్తయింది, చేశాను, అందింది, ముట్టింది.”

చివరి మాట దగ్గర నేను ఆగాను. నాది జూలూరుపాడు. మా వైపు కబురు అందినా ‘ముట్టింది’ అనే అంటాం. ఫోనులో ఎవరైనా ఒక సంగతి చెప్పి ‘తెలిసిందా’ అని అడిగితే ‘ముట్టింది’ అంటాం. విన్నాను అని దాని అర్థం, చేశాను అని కాదు. ఈ సంగతి ఆయనకు చెప్పాను.

ఆయన గోదావరి కింది జిల్లాల మనిషి. “అదేంటండీ, రసీదుల మీద పైకం ముట్టినది అని రాసి సంతకం పెడతాం కదా? ముట్టింది అంటే చేరాల్సింది చేరినట్టే. అన్నిటికీ మీదో పేచీ” అన్నారు. గదిలో ఇద్దరు నవ్వారు. వాళ్ళెవరో కూడా నాకు గుర్తుంది. ఆ మాటను టైపు చేసింది నా వేళ్ళు, చేర్చమన్నది ఆయన నోరు.

దాని వెంట మరో రెండు ఆదేశాలు వచ్చాయి. పచ్చబడిన కార్డులో ఫీల్డ్ సిబ్బంది ఇంకేమీ రాయడానికి వీల్లేకుండా గడి మూయాలి, లేకపోతే పాత పనుల మీద ముచ్చట్లు సాగుతాయి. వేదికలో అందరూ కలిసి మాట్లాడుకునే ఉమ్మడి గదిలో అధికారులు మాత్రమే రాయాలి, లేకపోతే అది మళ్ళీ వాట్సాప్ అవుతుంది. అసలు వాట్సాప్ గ్రూపును రద్దు చేయించారు.

ఫీల్డ్ అసిస్టెంట్లకు భద్రాచలంలో శిక్షణ ఇచ్చాం. వాళ్ళు మా ఉద్యోగులు కారు. ఏజెన్సీ ద్వారా అవుట్‌సోర్సింగ్ మీద వచ్చినవాళ్ళు. వాళ్ళలో ఒకామె ఉంది. ఆమె పేరూ, ఆమెవాళ్ళ పేర్లూ మార్చాను, ఇక్కడ పాయం రాధ అంటాను. ఇంటర్ చదివింది. ఇంట్లో కోయ, బయట తెలుగు. ఆమె ఊరు రోడ్డు మీద ఉంది. ఆమె చూసే గూడేల్లో ఒకటి వాగు అవతల. ఆ గూడెం పేరు కూడా రాయను, ఎందుకో చివర తెలుస్తుంది.

నిబంధన గురించి చెప్పగానే రాధ లేచింది. “సార్, అన్నం తిన్నవా అంటె కూడ మేం ‘అయింది’ అంటం. గప్పుడు కూడ మూసుకుంటదా?”

హాలంతా గొల్లున నవ్వింది. కార్డు మీద అన్నం సంగతి ఎవరూ అడగరమ్మా అన్నాను.

“మూసుకున్నంక మేం తెరవరాదా?”

“మీకు ఆ హక్కు లేదు.”

“మరి మూసే హక్కు ఇచ్చిండ్రు గదా?”

“అదీ మీది కాదు. మిషన్‌ది.”

“మంచిగనే ఉంది. ఇంట్ల మా ఆయన గిట్లనే జేస్తడు. మాట ఆయనే మొదలువెడ్తడు, ఆయనే బంద్ జేస్తడు” అని కూర్చుంది. పక్కనున్న ఆడవాళ్ళు ఆమె వీపు మీద చరిచారు. వెనుక వరుసలో ఉన్న డైరెక్టర్ గారు మాత్రం నవ్వలేదు. ఆమె ఎవరని నన్ను తర్వాత అడిగారు.

మరుసటి ఏడు వానలకు ముందే, ఎండాకాలంలో, ప్రతి గూడెంలో నీటి వనరుల ఫొటోలు, వివరాలు వేదికలోకి ఎక్కించాలి. వాగు అవతలి గూడేనికి రాధతో కలిసి నేనే వెళ్ళాను. అక్కడ ఒక బోరింగు, వాగు ఒడ్డున ఒక బావి ఉన్నాయి. బోరింగు నీళ్ళు ఇనుము వాసన వస్తాయని అందరూ బావి నీళ్ళే తాగేవారు. బావి దగ్గర రాధ పెద్దమ్మ భద్రమ్మ కనిపించింది. ఇప్పపువ్వు ఏరుకొని వస్తూ ఆగినట్టుంది, బుట్ట పక్కన పెట్టి నాకు నీళ్ళు చేది పోసింది. నేను బావికి అటునుంచి, ఇటునుంచి ఫొటోలు తీస్తుంటే కోయలో ఏదో అంది. రాధ పడిపడి నవ్వింది.

“ఏందమ్మా?”

“ఈ సార్ ఫోనుకు బావిని చూపిస్తుండేంది, ఫోనుకు దాహమైతుందా అంటుంది సార్.”

వచ్చేటప్పుడు భద్రమ్మ వాగు దాకా వచ్చి, మేము ఇవతలి ఒడ్డు ఎక్కేదాకా నిలబడింది.

ఆ ఏడు ఆగస్టులో వానలు పట్టుకున్నాయి. వాగు పొంగకముందే రాధ బావి నీళ్ళ నమూనా తెచ్చి ల్యాబుకు పంపింది. ఈ పరీక్ష తేలికే. మందు వేసిన చిన్న సీసాలో నీళ్ళు పోసి వెచ్చగా ఉంచుతారు. నీళ్ళు నల్లబడితే అందులో మలం కలిసినట్టు. సీసా నల్లబడింది. ల్యాబు టెక్నీషియన్ పొద్దున్నే కార్డు పుట్టించాడు: ‘బావి నీరు తాగరాదని ఇంటింటికీ తెలపాలి. క్లోరిన్ బిళ్ళలు పంచాలి. బోరింగు నీరు వాడమని చెప్పాలి.’ బాధ్యత పాయం రాధ. బిళ్ళల డబ్బాలు ఆమె ఇంట్లోనే ఉన్నాయి.

వాళ్ళ ఊళ్ళో పంచాయతీ ఆఫీసు మేడ మీద మాత్రమే సిగ్నల్ దొరుకుతుంది. రాధ మేడ ఎక్కి కార్డు చూసింది. ‘ముట్టింది’ అని రాసి పంపింది. రాత్రి వానకు వాగు నిండింది, పడవ కావాలి అని ఆ వెంటనే రాయబోయింది. అప్పటికే గడి మూసుకుపోయింది. ఆమెకు కార్డు పుట్టించే హక్కు లేదు, ఉమ్మడి గదిలో రాసే హక్కు లేదు, పాత గ్రూపు లేదు. టవర్ పోయిందనుకొని ఫోన్ ఆపి మళ్ళీ పెట్టింది. తర్వాత సెక్షన్ ఇంజనీరుకు ఫోన్ చేసింది. అతను కరకట్ట మీద వరద డ్యూటీలో ఉన్నాడు, కలవలేదు. నాకు చేసింది.

నేను ఆ పూట పాల్వంచలో గెస్ట్‌హౌస్‌లో ఉన్నాను. రాజధాని నుంచి వచ్చిన అధికారులకు డ్యాష్‌బోర్డు చూపించే కార్యక్రమం. ఫోన్లు బయట బల్ల మీద పెట్టించారు. డైరెక్టర్ గారు మాట్లాడుతుంటే మౌసు కదిలించడం నా పని. నా పేరు కూడా చెప్పలేదు, ‘మా ఆపరేటర్’ అన్నారు. దుమ్ముగూడెం వైపు కార్డులు తెర మీదికి వచ్చినప్పుడు ఒకటి కళ్ళముందే ఎరుపు నుంచి పచ్చకు మారింది. డైరెక్టర్ గారు దాని మీద వేలు పెట్టారు. “చూడండి సార్, ఇది వాగు అవతలి గూడెం. ఈ వానలో మన జీపు కూడా పోదు. ఉదయం ల్యాబు రిపోర్టు వచ్చింది, ఈపాటికి ఇంటింటికీ సమాచారం, బిళ్ళలు చేరిపోయాయి” అన్నారు. అధికారులు చప్పట్లు కొట్టారు.

ఇంత తొందరగానా అని నాకు మనసులో కొట్టింది. విరామంలో బయటికి వచ్చి ఫోన్ చూస్తే రాధ చేసిన మిస్డ్ కాల్స్. తిరిగి చేస్తే కలవలేదు. కార్డు తెరిచాను. ఆ పచ్చ రంగు కింద ఒక్కటే మాట, ‘ముట్టింది’. నాకు విషయం అర్థమైంది.

డైరెక్టర్ గారిని పక్కకు పిలిచి, ఆ కార్డు పూర్తి కాలేదు, వాగు పొంగి ఉంటుంది, రెవెన్యూ వాళ్ళను అడిగి పడవ తెప్పించాలి అన్నాను.

“కార్డు పచ్చగా ఉంది కదండీ?”

“అది మిషన్ మార్చింది సార్. ఆమె రాసింది కబురు ముట్టిందని.”

“పూర్తయిందని ఇప్పుడే లోపల చెప్పి వచ్చాను. అదే పనికి పడవ అడిగితే నవ్వరా? మీకు ఈ పరికరం మొదటినుంచీ గిట్టదు” అని లోపలికి వెళ్ళిపోయారు.

నేను మళ్ళీ లోపలికి వెళ్ళలేదు. మౌసు ఎవరు కదిలించారో తెలియదు. రెవెన్యూ ఆఫీసుకు నేనే ఫోన్ చేశాను. మీ డైరెక్టర్ చేత చెప్పించండి అన్నారు. బస్సెక్కి భద్రాచలం చేరి, అక్కడినుంచి దొరికిన ట్రాలీ ఆటోలో రాధ వాళ్ళ ఊరి దారి పట్టాను. మధ్యలో రోడ్డు మీద నీళ్ళు. ఆటో నడిపేవాడు, “ఇగ పోదు సార్, బండి ఆగితె గోదాట్లనే తేల్తం” అన్నాడు. వెనక్కి వచ్చాను.

వాగు తగ్గాక గూడెంలో జబ్బుపడ్డవాళ్ళను మంచాల మీద మోసుకొచ్చారు. అందరికీ వాంతులు, విరేచనాలు. మిగతావాళ్ళు దవాఖానాలో బతికి బయటపడ్డారు. భద్రమ్మ మంచం మీదనే, వాగు ఇవతలి ఒడ్డుకు చేరకముందే పోయింది.

పత్రికల్లో వచ్చింది. విచారణ వేశారు. ఇలాంటి విచారణ ఎలా సాగుతుందో చెప్తాను. వేరే డివిజన్ నుంచి ఒక అధికారిని నియమిస్తారు. ఆయన కాగితాలు చూసి, వాంగ్మూలాలు తీసుకొని, ‘నిర్ధారణలు’ రాస్తారు. తప్పు రెగ్యులర్ ఉద్యోగిదైతే ఛార్జిమెమో ఇస్తారు, అతను జవాబు ఇవ్వవచ్చు, పైకి అప్పీలు చేసుకోవచ్చు. అవుట్‌సోర్సింగ్ మనిషిదైతే అవేవీ లేవు. రేపటినుంచి రావద్దని ఏజెన్సీవాడు ఫోన్లో చెప్తే అయిపోతుంది. కాబట్టి నిర్ధారణలో రాధ గురించి ఏ వాక్యం పడుతుందన్నది నాకు ముఖ్యమైంది. ఉద్యోగం ఎలాగూ దక్కకపోవచ్చు. నీళ్ళు చెడ్డాయని తెలిసి, చెప్పానని అబద్ధం రాసి, సొంత పెద్దమ్మను చంపుకుందన్న మాట మాత్రం ఆమె మీద ఉండకూడదు.

నేను వాంగ్మూలం ఇవ్వడానికి సిద్ధపడి వెళ్ళాను. ముందు వేదికలోని ‘లాగ్’ చూపించాను. వేదికలో ఎవరు ఏ మార్పు చేశారో తనంతట తానే నమోదు చేసుకునే చిట్టా అది. కార్డు రంగు మార్చింది రాధ కాదని, ‘సిస్టం’ అని అందులో స్పష్టంగా ఉంది.

విచారణాధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “సిస్టంకు ఛార్జిమెమో ఇవ్వలేం కదండీ” అన్నారు.

అప్పుడు మాట సంగతికి వచ్చాను. కార్డులో పంచమన్నది బిళ్ళలు. బిళ్ళలు చేరాయని చెప్పాలంటే ఆమె ‘ముట్టినయ్’ అంటుంది. ఇంటింటికీ చెప్పి ఉంటే ‘చెప్పిన’ అంటుంది. ‘ముట్టింది’ అంటే ఒకటే వస్తువు, అది కబురు. తనకు కబురు అందిందని మాత్రమే ఆమె రాసింది. బయట నిలబడ్డ అటెండరును పిలిచి అడగండి, మీరు చెప్పింది నాకు ముట్టింది అంటే ఏమిటో అతనే చెప్తాడు అన్నాను.

ఆయన అటెండరును పిలవలేదు. “వెంకటేశ్వర్లు గారూ, మీరు ఇంజనీరా, తెలుగు పండితులా?” అన్నారు. టైపు చేస్తున్న అమ్మాయి కూడా నవ్వింది. పాల్వంచలో నేను పడవ అడిగిన సంగతి చెప్తే ‘అప్రస్తుతం’ అని రాయించారు.

రాధను నా తర్వాత పిలిచారు. తలుపు తెరిచే ఉంది. “ముట్టింది అని రాశావా లేదా? అవును, కాదు, అంతే చెప్పు” అన్నది వినిపించింది.

“అవ్ సార్, రాసిన. గని...”

“రాశావు. చాలు.”

నిర్ధారణ ఇలా వచ్చింది: ‘సమాచారము మరియు బిళ్ళలు గ్రామమునకు చేరినట్లు ఫీల్డ్ అసిస్టెంట్ అసత్య ధ్రువీకరణ చేసినందున’. రాధను తీసేశారు. డైరెక్టర్ గారు ఆ శీతాకాలం పదోన్నతి మీద వెళ్ళిపోయారు. వీడ్కోలు సభలో నాకు శాలువా కప్పబోతే చేతులు అడ్డం పెట్టి దిగి వచ్చేశాను. దాని గురించి ఎవరు ఏమనుకున్నా నాకు అక్కర్లేదు.

తర్వాత నేను రాయడం మొదలుపెట్టాను. పై కార్యాలయానికి ఒకటి, జవాబు రాకపోతే దాని మీద ఒకటి, సమాచార హక్కు కింద ఒకటి. నా ఇంక్రిమెంటు ఆగినప్పుడు కూడా నేను ఇంత రాయలేదు. రిటైరైన తర్వాతా ఆపలేదు. ‘అసత్య ధ్రువీకరణ’ అన్న రెండు మాటలు కొట్టేయమన్నదే నా కోరిక. ప్రతిసారీ ‘క్షేత్రస్థాయిలో మరల విచారించి నివేదిక పంపవలసినది’ అని కింది ఆఫీసుకు ఆదేశం వెళ్ళేది. కదలిక ఉందని నేను సంతోషించేవాణ్ణి.

ఒక జవాబులో ఎట్టకేలకు పునఃపరిశీలనకు అవకాశం ఉందని రాశారు. రాధ సంతకం కావాలన్నారు. కాగితాలు పట్టుకొని వాళ్ళ ఊరు వెళ్ళాను. పత్తి చేలో ఉందన్నారు. నన్ను చూసి ఒడిలో ఉన్న పత్తి గట్టు మీద గుమ్మరించి వచ్చింది.

“దండాలు సార్. ఎండల వడి వచ్చిండ్రు. పానం మంచిగుందా?”

సంగతి చెప్పాను. కాగితం చూపించాను. చేతులు కొంగుకు తుడుచుకుంది గానీ కాగితం అందుకోలేదు.

“సార్, ఒక మాట అంటె ఏమనుకోరు గదా? ఇగ రాసుడు బంద్ చెయ్యిండ్రి.”

ఎందుకని అడిగాను.

“మీరు రాసినప్పుడల్ల గూడెంకు జీపు వస్తది. భద్రమ్మ ఎవలు, ఆ దినం ఏం తాగింది, ఎప్పుడు కక్కింది అని మా అన్నను మళ్ళ మొదటిసంది అడుగుతరు. ఎన్నిసార్లని చెప్తడు? ఇప్పుడు జీపు సప్పుడైతె అడివిలకు పోతుండు. పొద్దూకినంకగని రాడు. వదిన ఏడుస్తది.”

అన్న అంటే భద్రమ్మ కొడుకు. నాకు ఈ సంగతి అప్పటిదాకా తెలియదు.

“నీ మీద రాసిన మాట అట్లనే ఉండిపోతది కదమ్మా” అన్నాను.

“కాయిదం మీద ఉంటది. గూడెంల కాయిదం ఎవలు సదువుతరు సార్? ఆళ్ళు నా మొఖం చూస్తరు.” గట్టు మీది పత్తిని చేత్తో దగ్గరికి తోసింది. “ఆ దినం బిళ్ళలు పట్టుకొని వాగు కాడికి పోయిన. మీ ఆఫీసోళ్ళు గిది ఒక్కరు కూడ అడగలే. అవతల పెద్దమ్మ కనవడ్డది. బావి కాడ బిందె ముంచుతుంది. నేను అరిసిన. వాగు సప్పుడుకు ఇనవడలే. రెండు చేతులు ఎత్తి ఊపిన, వద్దు, వద్దు అని. నన్ను చూసింది. మంచిగున్నవా బిడ్డా అన్నట్టు అదీ చెయ్యి ఊపింది. ఊపి, బిందె సంకకు ఎత్తుకొని పోయింది.”

చేలో నుంచి ఎవరో ఆమెను పిలిచారు. వస్తున్నా అని కేకేసి, మళ్ళీ నా వైపు తిరిగింది.

“గీ ముచ్చట అన్నకు చెప్పిన. ఇన్నడు. ఏమనలే. ఆ యేటి పండుగకు నాకు చీర వెట్టిండు. నాకు గంతె చాలు సార్.”

నేను కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఆ వారమే ఉపసంహరణ పత్రం రాసి పోస్టు చేశాను. నా జీవితంలో నేను వెనక్కి తీసుకున్న ఫిర్యాదు అదొక్కటే. ‘అసత్య ధ్రువీకరణ’ అన్న మాటలు ఆ ఫైలులో ఈరోజుకీ ఉన్నాయి. అవి అబద్ధమని ఇక్కడ రాస్తున్నాను. ఊరి పేరు రాయకపోతే జీపు రాదు.

ఇలాంటి వేదికలు ఏర్పాటు చేసే పిల్లలు ఇప్పుడు నా దగ్గరికి అప్పుడప్పుడు వస్తుంటారు. ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని అడుగుతారు. అన్నీ మంచివే. పని పూర్తయిందో లేదో చెప్పాల్సింది ఆ పని ఎవరికోసం పెట్టామో ఆ మనుషులు. పంపినవాళ్ళ మాట, మోసుకెళ్ళేవాళ్ళ మాట దానికి చాలవు. మా వేదికలో డైరెక్టరుకు ఖాతా ఉంది, ల్యాబుకు, స్టోరుకు ఉన్నాయి, రాధకూ ఉంది. ఆ బావి నీళ్ళు తాగేవాళ్ళలో ఒక్కరికీ లేదు. ఉండాలన్న ఆలోచన ఆ ఏడాది పొడవునా జరిగిన ఏ సమావేశంలోనూ, ఎవరి నోటా రాలేదు.